గుసగుసలాడడం రాని మనిషి

ఆయన పోయిన సంగతి నాకు నలభై రోజుల తర్వాత తెలిసింది. జగిత్యాలలో కంటి ఆసుపత్రి వరండాలో కూర్చున్నాను. పక్క బల్ల మీద ఒకతను, ఒక కంటికి పచ్చగుడ్డ కట్టుకొని, రెండో కంటితో నన్ను చాలాసేపు చూశాడు.

"మీరు కోరుట్ల లైబ్రరీ మేడం గదా?"

అవునన్నాను. రిటైరై నాలుగేళ్ళయిందన్నాను.

"మాది మల్లాపూర్ అవుతల. మా అయ్యగారు పుస్తకాలకు మీ దగ్గరికే వస్తుండె. పోయిండు మేడం. నలభై దినాల కూటం గూడ అయిపోయింది."

ఇంకేమైనా అడిగేలోగా లోపలి నుంచి అతని పేరు పిలిచారు. గోడ పట్టుకొని లేచి వెళ్ళాడు.

మా వైపు క్రైస్తవులు పాస్టరును అయ్యగారు అంటారు. నిజానికి ఆయన పాస్టరు కాడు, ఉపదేశి. పాస్టరు, అంటే పెద్దయ్యగారు, జగిత్యాలలో ఉండి పది పన్నెండు ఊళ్ళు చూసుకుంటాడు. ఒక్కో ఊళ్ళో ఉండి ఆదివారం ఆరాధన జరిపి, రోగుల మంచాల దగ్గర ప్రార్థన చేసి, పిల్లలకు పాటలు నేర్పేవాడు ఉపదేశి. కొద్దిపాటి జీతం, గుడి పక్కన రెండు గదుల ఇల్లు. ఈయనది సిరిసిల్ల, నేతపని చేసే ఇల్లు. పడుచుతనంలో భివండి పోయి సాంచల మీద, అంటే మరమగ్గాల మీద, పన్నెండేళ్ళు పనిచేశాడు. ఊపిరితిత్తులు చెడి ఒక మిషన్ ఆసుపత్రిలో ఏడాది పడుకున్నాడు. లేచి ఊరికి వచ్చేసరికి క్రైస్తవుడు. "మన కులపోల్లకు దేవుళ్ళు కరువైండ్రా?" అని సొంత అన్న గడపలోకి రానివ్వలేదట. ఆ మాట నాకు నవ్వుతూనే చెప్పాడు. ఆయన జీవితం గురించి నాకు తెలిసింది దాదాపు ఇంతే. నేను రాయాలనుకున్నది ఆయన గొంతు గురించి.

సాంచల షెడ్డులో నలభై మగ్గాలు ఒక్కసారి నడుస్తుంటే పక్కవాడి మాట వినపడదు. అరిచి చెప్పుకోవాలి, లేదా పెదవులు చూసి తెలుసుకోవాలి. పన్నెండేళ్ళలో ఆయన చెవులు సగానికి పైగా పోయాయి. చెవులు పోయినట్టు ఆయనకు తెలుసు. గొంతు పెరిగినట్టు తెలియదు. మెల్లగా మాట్లాడుతున్నాననే అనుకునేవాడు.

నేను కోరుట్ల శాఖా గ్రంథాలయంలో చేరిన కాలం వేరు. ఊళ్ళలో అన్నలు, అంటే నక్సలైట్లు, తిరిగేవాళ్ళు. అన్నల కోసం పోలీసులు తిరిగేవాళ్ళు. ఎవరి కొడుకు ఇంట్లో కనపడడం లేదో అడగకూడదు. హోటల్లో చాయ్ తాగేవాళ్ళు పక్క బల్ల వైపు ఒకసారి చూసి మిగతా మాట మింగేవాళ్ళు. మా గ్రంథాలయంలో పత్రికల దగ్గర దాదాపు ప్రతిరోజూ ఒక మఫ్టీ మనిషి ఉండేవాడు. ఒకే పేజీ గంటసేపు చదివేవాడు కాబట్టి మాకు తెలిసిపోయేది. అందరం గొంతు తగ్గించి బతకడం నేర్చుకున్నాం.

అలాంటి గదిలోకి ఒక మంగళవారం ఆయన వచ్చాడు. సైకిలు గోడకు ఆనించి, కుండలో నీళ్ళు ముంచుకొని తాగి, నా బల్ల ముందు నిలబడ్డాడు. రహస్యం చెప్పేవాడిలా వంగి, గదంతా మోగేటట్టు అడిగాడు.

"బిడ్డా, యేసు దేవుడని ముందుగాల ఎవరన్నరు? గా సంగతి రాసిన పుస్తకమేదన్న ఉన్నదా?"

పత్రికలన్నీ ఒక్కసారి కిందికి దిగాయి. మెల్లగా అని నేను చేత్తో సైగ చేశాను. ఆయన తల ఊపి, ఇంకాస్త వంగి, అంతే గొంతుతో అన్నాడు.

"ఇది మా వాడోల్లకు తెల్వద్దు బిడ్డా. తెలిస్తె నన్ను ఉంచుకోరు. కొల్వు పోతది, ఇల్లు పోతది."

ఆ వేళ పత్రికల దగ్గర మల్లాపూర్ వైపు మనిషి ఒకడు ఉన్నాడు. తల వంచుకొని నవ్వుకున్నాడు.

నా దగ్గర అప్పుడు ఆ విషయం మీద ఉన్నది ఒకే పుస్తకం. మాస్కోలో తెలుగులో అచ్చయిన, మతాల పుట్టుక గురించిన పుస్తకం. అదే ఇచ్చాను. వచ్చే మంగళవారం తిరిగి తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"మంచిగనే రాసిండ్రు. గని కోపంతోని రాసిండ్రు. కోపమున్నోడు అబద్ధం ఆడకపోవచ్చు, సగమే సూస్తడు. ఇంకో సగం ఎవరన్న రాసిండ్రా?"

నేను క్రైస్తవురాలిని కాను. ఏ దేవుడి విషయంలోనూ అంత పట్టింపు ఉన్న ఇంట్లో పుట్టలేదు. కానీ అలా అడిగిన పాఠకుడు నాకు అంతకుముందు దొరకలేదు. హైదరాబాదు నుంచి ఇంగ్లీషు పుస్తకాలు తెప్పించి చదవడం మొదలుపెట్టాను. ఆయనకు ఇంగ్లీషు రాదు. నేను చదివింది చీటీల మీద తెలుగులో రాసి ఇచ్చేదాన్ని. ఆయన చెవికి నా గొంతు అందదు, నేను గట్టిగా మాట్లాడలేను. అందుకని ఆయన నోటితో అడిగేవాడు, నేను కాగితం మీద జవాబు చెప్పేదాన్ని. గదిలో మిగతావాళ్ళకు ప్రశ్నలు మాత్రమే వినిపించేవి.

ఒకసారి ఇలాగే, "రోము సర్కారు ఆయనను ఏ కేసు కింద సంపింది బిడ్డా?" అని అడిగాడు. నేను ఒక్క మాట రాసి ఇచ్చాను. ఆయన చదివి, ఆశ్చర్యపోయి, పైకే అన్నాడు.

"రాజద్రోహమా!"

మఫ్టీ మనిషి పత్రిక పక్కన పెట్టాడు. ఆయన అతని వైపు తిరిగి ఎంతో ఆదరంగా, "యేసు ముచ్చట తమ్మీ. నువ్వు సదువుకో" అన్నాడు.

ఆయన బైబిలు మామూలు బైబిలులా ఉండేది కాదు. నాలుగు సువార్తల పేజీలలోంచి దారాల కొసలు బయటికి వేలాడుతుండేవి. నలుగురూ చెప్పిన సంగతి దగ్గర తెల్లదారం, ఇద్దరు ముగ్గురు చెప్పిన దగ్గర పసుపుదారం, ఒక్కడే చెప్పిన దగ్గర నల్లదారం. పేజీ అంచుకు సూదితో చిన్న కంత చేసి, మగ్గం మీద తెగిన పోగును కలిపే ముడి వేసేవాడు. ఆ ముడి వేయడానికి ఆయనకు చూడనవసరం లేదు. నాతో మాట్లాడుతూనే బొటనవేలూ చూపుడువేలూ ఒకసారి తిప్పేవాడు, ముడి పడేది.

"బట్టను ముంగట్నుంచి సూస్తె అంత మంచిగనే కనవడ్తది" అనేవాడు. "తెగిన పోగు ఎనుకకెల్లి సూస్తెనే దొరుకుతది."

ఆయనకు దొరికిన పోగులు నాకు గుర్తున్నాయి. యేసు తానూ తండ్రీ ఒక్కటేనని చెప్పుకొనే మాట యోహానులోనే ఉంది. అక్కడ నల్లదారం. మార్కులో ఒకడు వచ్చి మంచి బోధకుడా అని పిలిస్తే, మంచివాడు దేవుడొక్కడే, నన్నెందుకు అలా పిలుస్తావని ఆపుతాడు. లూకాలోనూ అంతే. మత్తయి దగ్గరికి వచ్చేసరికి ఆ మాట కొద్దిగా పక్కకు జరుగుతుంది. "మత్తయికి ఈడ మాట ఎందుకు మార్చబుద్ధయింది?" అని మూడు మంగళవారాలు ఆ ఒక్క దగ్గరే ఆగిపోయాడు. యేసు పోయిన మూడు వందల ఏళ్ళకు రోము చక్రవర్తి బిషపులందరినీ పిలిపించి సభ పెట్టించాడని, కుమారుడు తండ్రితో సమానమని అక్కడ తీర్మానం చేశారని నేను రాసి ఇస్తే, చీటీని రెండుసార్లు చదివాడు.

"పంచాయితి పెట్టి దేవున్ని చేసిండ్రా?"

అంత సులువు కాదని ఇంకో చీటీ రాశాను. పౌలు ఉత్తరాలు సువార్తలకంటే ముందువి, వాటిలో అప్పటికే జనం యేసుకు మొక్కుతున్నారు, సభ తేల్చింది ఆ మొక్కును ఏ మాటల్లో చెప్పాలన్నదే అని. అది చదివి ఆయన ముఖం తేటపడింది.

"అంటె మొక్కుడు ముందుగాల, అర్థమయ్యుడు ఎనుక. మా వాడల గూడ గంతే బిడ్డా."

ఆ చీటీతో ఆయన తిరిగి నమ్మకంలోకి వెళ్ళిపోతాడనుకున్నాను. వెళ్ళలేదు. ముందు మొక్కినవాళ్ళు పొరపడి ఉండవచ్చు కదా అని వచ్చేవారం అడిగాడు. ఎటు వాలితే తనకు హాయిగా ఉంటుందో అటు వాలేవాడు కాదు. అటూ ఇటూ రెండూ ఆయనకు సులువే అయ్యేవి. జగిత్యాల పెద్దయ్యగారి మాట అప్పజెప్పేస్తే కొలువు నిలబడుతుంది. అదంతా వట్టిదనేస్తే సిరిసిల్లలో అన్న ఇంటి తలుపు తెరుచుకుంటుంది.

ఒక మంగళవారం తన వాడ నుంచి డిగ్రీ చదువుతున్న కుర్రవాడిని వెంట తెచ్చాడు. పేరు దానియేలు. తల్లి లూదియమ్మ బీడీలు చేసి చదివిస్తోంది. దానియేలు నా చీటీలు తిరగేసి నవ్వాడు.

"అయ్యగారూ, గిన్ని దారాలెందుకు? ఆయన మనిషైతెనే మనకు పనికొస్తడు. బీదోల్ల దిక్కు నిలవడ్డడు, సర్కారు సంపింది. దేవుడైతె గుళ్ళె కూసుంటడు."

"పనికొచ్చుడు తర్వాత ముచ్చట" అన్నాడు ఆయన. "ముందుగాల ఎవరో తెలువాలె. నీకు పనికొచ్చేటట్టు నువ్వు మలుపుకుంటె, పెద్దయ్యగారు తనకు పనికొచ్చేటట్టు మలుపుకుంటడు. నడుమ ఆయన ఏమైపాయె?"

ఆ ఎండాకాలం దానియేలు అన్నల వెంట అడవిలోకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నా గదిలో ఆయన నోట ఆ పేరు ఎప్పుడూ వినలేదు. అంత గొంతున్న మనిషి ఈ ఒక్క సంగతిలో జాగ్రత్తగా ఉన్నాడే అనుకున్నాను.

ఆ పుస్తకాలు ఇచ్చి తప్పు చేశానా అని అప్పుడప్పుడు అనిపించేది. ఆయన మెల్లమెల్లగా చిక్కిపోయాడు. గుళ్ళో ప్రసంగం చెప్పేటప్పుడు, మార్కు గిట్లన్నడు, లూకా గట్లన్నడు అని ఆపేసేవాడట. "మరి మీరేమంటరు అయ్యగారూ?" అని ఎవరో అడిగితే, "నేనాడ లేను గదా" అన్నాడట. నవ్వుకుంటూ చెప్పాడు గాని, వెంటనే తలుపు వైపు చూసి, "వాడోల్లకు ఎర్కయితుందేమో బిడ్డా" అన్నాడు. ఆయన భయం అదొక్కటే. కొలువు పోవడం సరే. తనకు రూఢిగా తెలియదని తెలిస్తే ఆ బీడీలు చేసేవాళ్ళు, కూలికి పోయేవాళ్ళు దేన్ని పట్టుకొని బతుకుతారని.

నాలుగైదేళ్ళు గడిచాక ఒక మంగళవారం వచ్చి నీళ్ళు కూడా తాగకుండా కూర్చున్నాడు.

"శనివారం పెద్దయ్యగారు వస్తుండు. నా మీద విచారణ. కూటాలకు వచ్చిన ప్రసంగీకుడొకాయన మా ఇంట్ల రెండు రోజులున్నడు. పోయి చెప్పిండట, యేసు దేవుడా కాదా అని నాకు అనుమానమున్నదని. ఆయన ముంగట నేనొక్క మాట అనలే బిడ్డా. ఎట్ల తెలిసిందో."

నా చీటీలు చూసి ఉంటాడనుకున్నాను. నా చేతిరాత. శనివారం సెలవు పెట్టి మధ్యాహ్నం బస్సుకు ఆ ఊరు వెళ్ళాను.

గుడి అంటే పెంకుల కప్పున్న పొడుగాటి గది. ఒక వైపు మగవాళ్ళు, ఒక వైపు ఆడవాళ్ళు చాపల మీద కూర్చున్నారు. పెద్దయ్యగారు స్కూటరు మీద దుమ్ములో వచ్చి, ముఖం కడుక్కొని, కుర్చీలో అలసటగా కూలబడ్డాడు. నేను ఊహించుకున్నంత కటువైన మనిషి కాదు. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది.

"తమ్ముడూ, నిన్ను తీసెయ్యాలని నాకు లేదు" అన్నాడు, ఆయనకు తన పెదవులు కనపడేటట్టు ఎదురుగా వంగి. "మనం ఆదివారం ఆదివారం అందరం చెప్పుకునే విశ్వాస ప్రమాణమే ఇది. కింద సంతకం పెట్టు. నేను పొద్దుండంగ పోత."

ఆయన కాగితం తీసుకొని, ప్రతి ఆదివారం చదివే దాన్నే మొదటిసారి చదువుతున్నట్టు చదివాడు. తిరిగి ఇచ్చాడు.

"కాదు అని నేనంటలేను. తెలుసు అని అనలేను. ఇంక సూస్తున్న."

"ఉపదేశివై ఇంక సూస్తున్న అంటె ఎట్ల? వీల్లకేం చెప్తవ్?"

"రాసింది చెప్తున్న. నా అనుమానం నాది. దేవుని ముంగట చెప్తున్న, ఈ సంగతి ఈ వాడల ఒక్కరికి తెల్వది."

ఆడవాళ్ళలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. ఇంకెవరో తోడయ్యారు. లూదియమ్మ లేచి నిలబడి, ఆయనకు కనపడేటట్టు ముందుకు వచ్చింది.

"అయ్యగారూ, మాకు తెలుసు."

"ఏం తెలుసు?"

"పొద్దుగాల మీరు అడిగేది. రోజు ఇంటున్నం గద."

ఆయన రోజూ కోడికూతకు లేచి, గుళ్ళోకి పోయి, తలుపు వేసుకొని గంటసేపు ఒక్కడే ప్రార్థన చేసుకునేవాడు. మనసులో గొణుక్కుంటున్నానని అనుకునేవాడు. వాడలో చివరి ఇంటి దాకా వినిపించేది. ఒక్కో ఇంటి పేరు, ఆ ఇంటి రోగం, ఆ ఇంటి తగువు, చివర తన ప్రశ్న. జనం పక్కల్లో పడుకొనే తమ ఇంటి వంతు ఎప్పుడు వస్తుందా అని వినేవాళ్ళు.

పెద్దయ్యగారికి ఇది అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. "ఏమని అడుగుతడు?" అన్నాడు.

రాజయ్య అనే పెద్దమనిషి కూర్చున్నచోటి నుంచే అప్పజెప్పాడు. "ప్రభువా, నువ్వు దేవుడివా, దేవుడు పంపిన మనిషివా, నాకు ఎర్క చెయ్యి. ఎర్క చెయ్యకున్నా నీ ఎంబడే వస్త. గిట్లంటడు."

"ఎన్నేండ్ల సంది?"

"ఆరేడేండ్లాయె."

"ఇని ఊకున్నరా మీరు?"

"రాజయ్య తాగుడు మాన్పియ్యి ప్రభువా అని వాడంత ఇనంగ చెప్తడు. నేనే ఊకున్న" అన్నాడు రాజయ్య. "దేవుని సంగతి దేవుడు సూసుకోడా?"

పెద్దయ్యగారు కూడా నవ్వాడు. ఒక్క అయ్యగారే నవ్వలేదు. లూదియమ్మ పెదవులు, రాజయ్య పెదవులు మార్చి మార్చి చూస్తున్నాడు. మెడ నుంచి చెవుల దాకా ఎర్రబడిపోయాడు.

లూదియమ్మ కూర్చోలేదు. "పెద్దయ్యగారూ, నాకు సదువు రాదు. ఒక్కటడుగుత. ఆయన ఉత్త మనిషే, సచ్చిపోయిండు అని మా అయ్యగారు అనుకుంటె, సచ్చినోన్ని ఎవరన్న రోజు పొద్దుగాల లేపి అడుగుతరా?"

పెద్దయ్యగారు కాగితం మడిచాడు. "మంచి మాటనే అమ్మా. గని గా మాట కింద సంతకం పెట్టే జాగ లేదు."

తలెత్తి చూసేసరికి అయ్యగారు గుళ్ళో లేడు. పక్క తలుపు నుంచి వెళ్ళిపోయాడు.

బస్సులు తగలబెడుతున్న రోజులు కాబట్టి సాయంత్రం తర్వాత బస్సు లేదు. ఆ రాత్రి లూదియమ్మ ఇంట్లో పడుకున్నాను. తెల్లవారుజామున మెలకువ వచ్చేసరికి ఆమె మంచం మీద లేచి కూర్చొని ఉంది. కోళ్ళు కూశాయి. గుడి తలుపు మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత ఏమీ లేదు. ఎదురింటి రాజయ్య బయటికి వచ్చి నిలబడ్డాడు. ఇంకో ఇంటి ముందు ఒక ఆడమనిషి చీపురు పట్టుకొని ఊడవకుండా నిలబడింది.

"సిగ్గువడ్డడు" అంది లూదియమ్మ. తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది. "నా కొడుకు పేరు ఈ ఊర్ల ఎవ్వరు తియ్యరు బిడ్డా. నా చెల్లె నా ఇంటికి అచ్చుడే బంద్ పెట్టింది. భయం గద. నేను గూడ తియ్య. పొద్దుగాల ఆయనొక్కడే తీస్తడు. ఇండ్లన్ని అయినంక, 'దానియేలు యాడున్నా వాని కాలుకు ముల్లు దిగకుండ సూడు' అంటడు. పోలీసోల్లు ఇంటె ఆపతి, మెల్లగ చేసుకొమ్మని చెప్దామని పెద్దమనుషులు పోవట్టిరి. నేనే వాల్ల కాల్లమీద వడ్డ. చెప్పకుండ్రి అన్న. వాడు యాడున్నడో చెప్తలేడు గద, పేరేగద."

కొంగు నెత్తిమీదికి లాక్కొని గుడి దగ్గరికి నడిచింది. నేనూ వెనక వెళ్ళాను. తలుపు కొట్టింది. ఆయన తీశాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"దానియేలు పేరు తీసిండ్రా?" అని ఆయన ముఖంలోకి చూస్తూ అడిగింది.

"తీసిన. మనసుల."

"మనసుల తీస్తె నాకెట్ల తెలుస్తది?"

"లూదియమ్మా, ఇన్నేండ్లు నేను అన్నదంత ఇన్నరు. నా నమ్మకం గింతేనని తెలిసి గూడ..."

"మీ నమ్మకం ఎంతనో మేము సూడలే. మా పేర్లు చెప్తున్నరా లేదా, గదే సూసినం. చెయ్యుండ్రి. గట్టిగ."

ఆయన తలుపు వేసుకున్నాడు. ఇద్దరం బయట మెట్టు మీద కూర్చున్నాం. చాలాసేపటికి గొంతు లేచింది. మొదటి ఇల్లు, రెండో ఇల్లు, రాజయ్య తాగుడు, ఎవరిదో మోకాలు, ఎవరిదో ఆవు. తర్వాత దానియేలు, కాలికి ముల్లు. లూదియమ్మ కళ్ళు మూసుకొని ఉంది. అక్కడితో గొంతు ఆగిపోయింది. ఇక ఆ మాట అడగడనుకున్నాను. ఎవరూ వినడం లేదనుకొని అడిగిన మాటను, వాడంతా చెవి ఒగ్గి ఉందని తెలిసి అడగాలి. తర్వాత ఆయన అడిగాడు. రాజయ్య అప్పజెప్పినట్టే, ఒక్క మాట మారకుండా. గొంతు వణికింది గాని తగ్గలేదు.

రెండు నెలలకు జగిత్యాల నుంచి ఉత్తరం వచ్చింది. ఉపదేశుల జాబితాలోంచి పేరు కొట్టేశారు, జీతం ఆపేశారు. ఇల్లు ఖాళీ చేయమన్నారు గాని వాడవాళ్ళు చేయనివ్వలేదు. ప్రతి ఇంట్లో అన్నం వండేముందు ఆడవాళ్ళు దేవుడి పేరిట ఒక పిడికెడు బియ్యం పక్కన తీసి ఆదివారం గుడికి తెచ్చేవాళ్ళు. ఆ బియ్యం ఆయనకు ఇచ్చారు. ఆయన సిరిసిల్ల నుంచి పాత చేతిమగ్గం ఒకటి తెచ్చుకొని తువ్వాలలు నేసి అమ్ముకున్నాడు. కొత్త ఉపదేశి వచ్చాక ప్రసంగం మానేశాడు. పొద్దుటి ప్రార్థన మానలేదు. నాకు సిరిసిల్లకు, అక్కడి నుంచి ఇంకెక్కడికో బదిలీలయ్యాయి. ఉత్తరాలు రాసేదాన్ని. ఆయన జవాబులు పెద్ద అక్షరాలతో, గట్టిగా మాట్లాడుతున్నట్టే ఉండేవి. క్రమంగా తగ్గి ఆగిపోయాయి. దానియేలు తిరిగి రాలేదు. చనిపోయాడన్న కబురూ రాలేదు.

కంటి ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో రోజు ఆ ఊరు వెళ్ళాను. ఎనభైకి దగ్గర పడిన లూదియమ్మ గడపలో కూర్చొని ఉంది. గొంతు విని నన్ను పోల్చుకుంది. నాకు ముప్పై ఏళ్ళకు పైగా మోస్తున్న ప్రశ్న ఒకటుంది. అదే ముందు అడిగాను. ఆయనకు జవాబు దొరికిందా అని.

"నాకు చెప్పలే" అంది. "పోయిన రోజు పొద్దుగాల గూడ అడిగిండు. గొంతు పీలగయ్యింది గని అడిగిండు."

"ఇప్పుడు పొద్దున ఎవరు చేస్తున్నారు?"

"నేనే పోతున్న. పేర్లన్ని నాకు నోటికస్తయి, గిన్నేండ్లు ఇన్న గద. కొత్త కోడండ్ల పేర్లే యాదికుండయి. దానియేలు పేరు మొదటి రోజు నోట్లకెల్లి రాలే. రెండో దినం అచ్చింది." చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, అంది. "లాస్టుకు ఆయనది గూడ అడుగుతున్న."

"నీకు అనుమానమా లూదియమ్మా?"

"నాకెందుకు అనుమానం! నాకాయన దేవుడే. గని గది నాది కాదు గద బిడ్డా, అయ్యగారిది. నా కొడుకు ఆయన కొడుకా? రోజు అడగలేదా?"

"మరి జవాబొస్తే?"

ఆమె తన చిన్న ఫోన్ బొడ్డు సంచిలోంచి తీసి నా చేతిలో పెట్టింది.

"అస్తె నీకే ముందుగాల చెప్త. నీ నెంబరు దీంట్ల ఎక్కియ్యి."